రావొద్దని పిలుపు

కొత్తపేట

బావగారికి నమస్కారాలు.

ఫోనులో అయితే నోరు జారతానని రాస్తున్నాను. మీ చరణ్‌కీ మా సత్యప్రియకీ పెళ్లంటే, రెండు వైపులా కలిపి ఇరవైమందికే పర్మిషనన్నారండీ! బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు, చేపల మార్కెట్టు కిటకిటలాడుతోంది. కరోనా నా పందిట్లోకే వస్తుందా? ఒక్కగానొక్క కూతురు. ఊరిని పిలవకపోతే రేపు తలెత్తుకు తిరగగలనా?

ఒళ్లు మండుతున్న మీ వియ్యంకుడు,
వెంకటరాజు

తా.క. ఆ ఇరవైలో డోలు వాయించే ఆయన్ని ఉంచాలా, మా పెద్దత్తని ఉంచాలా? చప్పుడు ఇద్దరిదీ ఒకటే.

తాటిపాక

బావగారికి,

ఆయ్, నాకూ కోపంగానే ఉందండి. పదిమందిని ఏరేసరికి మా తమ్ముడు అలిగి కూర్చున్నాడు. అయినా రూలు రూలే. మీ ఊళ్లో అందరికీ రావొద్దని చెప్పేయండి. ఎవరూ నొచ్చుకోకూడదు సుమండీ.

ఉంటాను,
ముత్యాలరాజు

తా.క. మనుషులు తగ్గినా వంటకాలు తగ్గకూడదంది మా ఆవిడ బేబీ.

కొత్తపేట

బావగారికి,

చెప్పేశామండి. మా ఆవిడ అచ్చాయమ్మా నేనూ గడపగడపకీ వెళ్లి, బొట్టు పెట్టి, కాజాలిచ్చి, "అమ్మాయి పెళ్లండీ, సకుటుంబ సపరివార సమేతంగా మానేయండి" అని కూర్చుని మరీ చెప్పాం. ఫోనులో చెబితే పొగరనుకోరూ? ప్రతి ఇంట్లోనూ కాఫీ ఇచ్చేరు. మాస్కుతో కాఫీ ఎలా తాగుతామండీ?

మర్యాద తప్పని,
వెంకటరాజు

తా.క. "ఇంత బాగా పిలిచాక రాకపోతే ఏం బాగుంటుంది?" అంటున్నారు మా పక్కింటి అప్పలరాజుగారు. మళ్లీ వెళ్లాలి.

తాటిపాక

బావగారూ!

మతి గానీ పోయిందా అండీ? ఊరంతా పెళ్లికి రాకూడదని చెప్పడానికి మీరే ఊరంతా తిరిగేరా! జనం కలవకూడదనే కదండీ ఆ రూలు పెట్టింది? వియ్యంకులైపోయారు, ఇంతకన్నా అనలేను. ముందు టెస్టు చేయించుకోండి.

మండిపడుతూ,
ముత్యాలరాజు

తా.క. మీ ఉత్తరం ఎండబెట్టి చదివాను.

కొత్తపేట

బావగారికి,

ఇద్దరికీ పాజిటివండి. గదిలో పెట్టేరు. ముహూర్తం దగ్గరపడింది, కన్యాదానం మా తమ్ముడి చేత కానిచ్చేద్దామంటున్నారు. ఇన్నాళ్లూ పెంచుకున్నది నేనండీ! అల్లుడి కాళ్లు కడిగే యోగం నాకు లేదా? ఏడుపొస్తోంది.

వెంకటరాజు

తా.క. నా చోటు ఖాళీ అయిందటగా, తనకిమ్మని అప్పలరాజుగారు కబురంపారు.

తాటిపాక

బావగారికి,

ఏడవకండి. మీరు లేకుండా మా వాడు తాళి కట్టడు, నేను కట్టనివ్వను. మీరు లేచి తిరిగాకే పెళ్లి. ముహూర్తాలకేం, బోలెడు. వాయిదా అని మా ఊళ్లో అందరికీ చెప్పేశాను.

మీ వాడు,
ముత్యాలరాజు

తా.క. రావొద్దన్నవాళ్లకి కూడా, ఏ రోజు రాకూడదో చెప్పాలి కదండీ. ఫోనులో ఏం బాగుంటుందని బేబీ, నేనూ ఇంటింటికీ వెళ్లి చెప్పొచ్చాం. ఈవేళ పొద్దుటినుంచి ఇద్దరికీ కాఫీ వాసన తెలియట్లేదు. మీరు ముందు లేచినా, మాకోసం ఆగాలండోయ్.