ఆవిరి కాని ఉప్పు

ఉమ్లాజీ,
జూన్ 9

ప్రియమైన ఖాబజేలా,

ఆదివారం చర్చి అయ్యాక వీధి చివర ఫోన్ల కొట్టు నుంచి మీ వార్డుకు ఫోన్ చేశాను. మీరు "ఎవరూ? ఎవరూ?" అని అరుస్తూనే ఉన్నారు, ఇక్కడ నేను మీ వంశం పేరుతో "ఖాబజేలా, ఖాబజేలా" అని గొంతు చించుకుంటూనే ఉన్నాను. వెనక వరసలో ఉన్నావిడ, "మొగుడు ఊళ్ళో లేకపోయినా వదలవా తల్లీ?" అంది. ఆ కొండల మీది లైన్లు అంతేనేమో. ఇక ఉత్తరాలే రాస్తాను. టీబీ మందులు ఒంటికి పడుతున్నాయా? సూది పొడిచిన చోట వేడినీళ్ళ గుడ్డ పెట్టించుకోండి.

ఇక మీ రెండో పెళ్ళాం సంగతి, అదే, ఆ చేపల తొట్టె. దాని పంపు తెల్లవార్లూ గురక పెడుతోంది. దాని లైట్లు కరెంటంతా తాగేస్తున్నాయి. ఆ ఊదారంగు పగడం నన్ను చూస్తే ముడుచుకుంటుంది, అచ్చం మీ అమ్మగారిలాగే. నారింజ చేపలు రెండూ నేను దగ్గరికి వెళితే వేళ్ళలా రేకులూపే ఆ సముద్రపు జీవి, మీ వేళ్ళ పువ్వులోకి దూరి దాక్కుంటాయి. రోజూ మేత వేసేది ఎవరనుకుంటున్నాయో, విశ్వాసం లేని ముండలు.

కానీ అంబులెన్స్ ఎక్కుతూ, ఎప్పటిలా నా పుట్టింటి వంశం పేరుతో పిలిచి మీరన్న మాట మరిచిపోలేదు. "దాన్ని బతికించు మాబెంగూ, నేను తిరిగొస్తాను" అన్నారు. మీరు నవ్వుతూ అన్నారు గానీ మేం నవ్వలేదు. అత్తయ్య ఆ మాటే పట్టుకుని కూర్చుంది. తొట్టెలో నీళ్ళు రోజూ కాస్త తగ్గుతాయి కదా, అందులో సముద్రపు నీళ్ళు తప్ప వేరే నీళ్ళు పోస్తే ఊరుకోదు. ఈ జూన్ చలిలోనూ తెల్లవారుతూనే చర్చి తెల్లగౌను తొడుక్కుని నాతో బీచికి వస్తుంది. సముద్రంలో నాణెం వేసి, ప్రార్థన చేసి, డబ్బాలు నింపుతుంది. "జొహానెస్‌బర్గ్ నుంచి జనం వచ్చి సీసాల్లో పట్టుకుపోయే మందునీళ్ళే ఇవి. పక్కనే ఉండి మన చేపలకు కరువా?" అంటుంది. నిన్న టాక్సీ డ్రైవరు, "అక్కా, సముద్రాన్ని కొంచెం కొంచెంగా ఇంటికి తోలుకుపోతున్నట్టున్నావే, మాకూ కాస్త మిగల్చు" అన్నాడు. డబ్బాలకు సీట్ల డబ్బులు మాత్రం వదల్లేదు. చుక్క కూడా తగ్గనివ్వడం లేదు, బెంగపడకండి.

మీ
ఫిండిలే

*

కొండమీది ఆసుపత్రి,
జూన్ 17

నా మాబెంగూ,

ముందు ఇది చదువు, పొయ్యి మీది కుండ సంగతి తర్వాత చూసుకుందువు.

తగ్గిన నీళ్ళకు బదులు సముద్రపు నీళ్ళు పోయకు. తొట్టెలోంచి ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు ఆవిరి కాదు. అది అక్కడే ఉంటుంది. పైనుంచి నువ్వు మళ్ళీ ఉప్పునీళ్ళే పోస్తే ఉప్పు మీద ఉప్పు చేరుతుంది. పెరట్లో నీలం డ్రమ్ములో నేను వడగట్టి పెట్టిన మంచినీళ్ళున్నాయి. తగ్గినదానికి అవే పోయాలి. ఇప్పటికే ఉప్పు ఎక్కువైపోయి ఉంటుంది కాబట్టి కొంచెం పాతనీరు తోడేసి, రోజుకో జగ్గు చొప్పున మంచినీళ్ళు పొయ్యి. తొందరపడి కుమ్మరిస్తే అవి తట్టుకోలేవు. ఇన్నేళ్ళూ పోసింది నేనే, అందుకే ఇది చెప్పాల్సిన సంగతని నాకు తోచనే లేదు. అమ్మను ఏమీ అనకు.

పంపుకు చెవి ఆనించి విను. సన్నగా గురక పెడితే మంచిదే, గరగరమంటే ఇసుక పట్టినట్టు. సాయంత్రం లైటు తగ్గేవేళ నారింజ చేపలు వేళ్ళ పువ్వులో పసిపిల్లల్లా దొర్లుతాయి, ఊదా పగడం అరచెయ్యి చాపినట్టు విప్పుకుంటుంది. అలా ఉంటే అంతా బాగున్నట్టే.

నాకు ఫరవాలేదు. ఇక్కడి మొక్కజొన్న పుతు నోట్లో ఇసుకలా ఉంటుంది, కలుపుకుందామంటే పుల్లపాలు లేవు. సూది రోజూ ఉంది. చెవుల్లో ఈల మోగుతోంది, మందు వేడి అయ్యుంటుంది. పోతుందిలే.

నీ
లిండానీ

*

ఉమ్లాజీ,
జూన్ 30

ప్రియమైన ఖాబజేలా,

టపా వాళ్ళు సమ్మె చేస్తున్నారు. మీ దగ్గర్నుంచి ముక్క లేదు. ఇదీ సమ్మె అయ్యాకే మీకు చేరుతుంది, అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

మీ తొట్టెకు ఏదో అయింది. పగడాలు విప్పుకోవడం లేదు. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. గాజు అంచున తెల్లటి పొర కడుతోంది, తుడిస్తే మర్నాటికి మళ్ళీ వస్తోంది. ఏం దరిద్రపు తొట్టె అండీ ఇది, మనిషి జబ్బు చాలక దీని జబ్బు కూడానా? అత్తయ్యేమో, "సముద్రం చాలడం లేదే దానికి, ఇంకా తెద్దాం పద" అంటుంది. రోజూ వెళుతున్నాం. ఆవిడ మోకాళ్ళు వాచాయి. వద్దంటే వినదు. "ఇది నా కొడుకు ప్రాణం" అంటుంది. నేనూ వద్దని గట్టిగా అనలేకపోతున్నాను, నాకూ భయంగానే ఉంది.

త్వరగా జవాబు రాయండి.

ఫిండిలే

*

ఉమ్లాజీ,
జూలై 28

ప్రియమైన ఖాబజేలా,

సమ్మె అయిపోయింది. మీ ఉత్తరం అందింది. మీరు చెప్పినట్టే నీలం డ్రమ్ములోని మంచినీళ్ళు రోజుకో జగ్గు పోశాను. అంతా సర్దుకుంది. సాయంత్రం నారింజ చేపలు వేళ్ళ పువ్వులో పసిపిల్లల్లా దొర్లుతున్నాయి. ఊదా పగడం అరచెయ్యి చాపినట్టు విప్పుకుంటోంది. ఎంత అందంగా ఉందో మీ తొట్టె.

అత్తయ్య బీచికి రావడం మానేసింది, మోకాళ్ళు నొప్పులని. మీరు మందులు మానకండి. అన్నం తినండి.

మీ
ఫిండిలే

*

కొండమీది ఆసుపత్రి,
ఆగస్టు 8

నా మాబెంగూ,

చాలా సంతోషం. నువ్వు మళ్ళీ రాయి. తొట్టె గురించి రాయి, ఇంటి గురించి రాయి, అమ్మ ఏమంటోందో, మీ ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల దగ్గర ఎవరెవరు పోట్లాడుకున్నారో అన్నీ రాయి. ఫోన్ మాత్రం చేయకు, డబ్బు దండగ. ఎంత చిన్న సంగతైనా కాగితం మీద పెట్టు.

నీ
లిండానీ

*

ఉమ్లాజీ,
ఆగస్టు 24

ప్రియమైన ఖాబజేలా,

వద్దన్నా ఫోన్ చేశాను. నర్సు ఎత్తి, "ఆయన ఫోన్ దగ్గరికి రారమ్మా, రాయమన్నారు" అంది. పెళ్ళాం పిలిస్తే పది అడుగులు నడిచి రాలేని మనిషికి ఫరవాలేదని ఎలా నమ్మమంటారు? దగ్గు ఎక్కువైందా? రక్తం పడుతోందా? నిజం చెప్పండి. ఏదైనా సరే తట్టుకుంటాను గానీ ఇలా దాస్తే తట్టుకోలేను. రాత్రిళ్ళు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటుంది, పడుకుని అదే ఆలోచిస్తుంటాను.

తొట్టె చక్కగా ఉంది. ఊదా పగడం ఇంకా పెద్దదైంది. దాని గురించి మీరేమీ దిగులు పెట్టుకోవద్దు.

మీ
ఫిండిలే

*

కొండమీది ఆసుపత్రి,
సెప్టెంబరు 15

నా మాబెంగూ,

నిజం చెప్పమన్నావు, చెబుతున్నాను. కళ్ళెలో పురుగు లేదట. వచ్చే నెల ఇంటికి పంపిస్తామన్నారు. మిగిలిన మాత్రలు అక్కడే మింగొచ్చు.

ఇంకో సంగతి ఉంది. నాకు చెవులు పోయాయి. ఆ ఆదివారం లైను బాగానే ఉంది, నీ గొంతే నాకు అందలేదు. ఈ సూదిమందు ఊపిరితిత్తుల్ని బాగుచేస్తూ చెవుల్ని తినేస్తుందట. రోజూ కాస్త కాస్తగా పోయాయి. పూర్తిగా పోకముందే డాక్టరమ్మ కాగితం మీద రాసి చూపించింది. సూది ఆపితే చెవులు నిలవొచ్చు, ప్రాణానికి మాత్రం హామీ లేదంది. ప్రాణమే కావాలన్నాను. నిన్ను అడగలేదు. అడిగితే నువ్వూ అదే అంటావని తెలుసు, కానీ నీ చేత ఆ మాట అనిపించడం ఇష్టం లేకపోయింది.

తొట్టె చచ్చిపోయిందని నీ జూలై ఉత్తరంతోనే తెలిసింది. నా మాటలే నాకు తిప్పి రాశావు, అది సరే. అసలు అందులో ఒక్క తిట్టు లేదు. ఇన్నేళ్ళ కాపురంలో నువ్వు దాన్ని తిట్టకుండా ఒక్క పూట దాని ముందు నుంచి నడవలేదు. అలాంటిది ఎంత అందంగా ఉందో అని రాశావంటే, రెండో పెళ్ళాం పోయిందనే అర్థం. ఆగస్టులో ఇల్లంతా నిశ్శబ్దంగా ఉందని రాశావు. మరి పంపు గురక ఏమైంది?

చాలా ఏడ్చాను. చేపల కోసం కాదంటే అబద్ధం, వాటి కోసం కూడా ఏడ్చాను. అయినా తెలియనట్టే ఉండిపోయాను. నువ్వు దాచినంతకాలం నేనూ దాచుకోవచ్చనుకున్నాను. ఇక నా వల్ల కావడం లేదు.

అమ్మకు గట్టిగా చెప్పు. తొట్టె పోయినా ఆమె కొడుకు వస్తున్నాడు. అంబులెన్స్ దగ్గర నేనన్నది ఊరికే అన్న మాట, దాన్ని మీరిద్దరూ చలిలో డబ్బాలకెత్తుకుని మోశారు. ఎక్కువ ప్రేమతో పోసిన నీళ్ళవి. నా ముందు ఎవరూ తల దించుకోవద్దు.

నేను వచ్చిన రోజు గేటు దగ్గర నుంచి కేకేయకు, వినపడదు. ఎదురుగా వచ్చి నిలబడు. పెదాల కదలిక చూసి మాట పట్టుకోవడం ఇక్కడ నేర్పిస్తున్నారు, నాకింకా సరిగ్గా రావడం లేదు. నీ తిట్లన్నీ నాకు నోటికొచ్చు కాబట్టి వాటితోనే మొదలుపెడదాం. నిదానంగా తిట్టు.

పంపు పారేయకపోతే ఒక పని చెయ్యి. తొట్టె కడిగి, మంచినీళ్ళు నింపి, పంపు వేసి ఉంచు. చేపలు వద్దు, పగడాలు వద్దు. గాజు మీద అరచెయ్యి ఆనిస్తే లోపల నీళ్ళు తిరుగుతున్నట్టు తెలుస్తుంది. ఇక మీదట మన ఇంట్లో నేను వినగలిగేది అదే.

నీ
లిండానీ