అక్క బూట్లు

1986 మే 14, బుధవారం

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. ఈరోజు మైలవరం క్యాంపులో కొత్త కోచ్‌ గారు పరుగు మధ్యలోనే ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు తాగమన్నారు. నీళ్లు తాగితే కాళ్లు బరువెక్కుతాయని మా డ్రిల్లు మాస్టారు దాహమేస్తే పచ్చిమామిడి ముక్క బుగ్గన పెట్టుకోమనేవారు. అదే చెప్పాను.

"ఎండలో నీళ్లు లేకుండా పరిగెడితే ఎవరైనా పడిపోతారమ్మా. కొత్త పరిశోధనలన్నీ అదే చెబుతున్నాయి," అన్నారాయన.

నిరుడు అక్క అలాగే పడిపోయింది. గుండె బలహీనమని నాన్న పరుగు మాన్పించి, ఆగిరిపల్లి తోటలో కాయలు ఏరే పనిలో పెట్టాడు.

సాయంత్రం అక్క రాగానే వాకిట్లోనే చెప్పేశాను.

"అయితే నాకే జబ్బూ లేదా?" అంది.

అక్క నా కాళ్లకేసే చూస్తోంది. పరుగు మానేసిన రోజున తను నాకిచ్చిన బూట్లు నేనింకా విప్పలేదు.