కాలవకి నీళ్ళొచ్చేలోగా సైకిలు

మే 3, 1976. ఉదయం 6.
హెల్త్ డిపార్ట్‌మెంటు వాళ్ళు లేడీస్ సైకిలు ఇచ్చారు! ఆకుపచ్చది! బెల్లు ఇరవైసార్లు మోగించాను.
డాక్టరు గారి షరతు: జూన్ నెలాఖరుకల్లా నేను సైకిలు మీద నాలుగూళ్ళూ తిరగాలి. లేకపోతే ఈ సబ్‌సెంటరు సైకిలు తొక్కడమొచ్చిన ఇంకో నర్సుకిచ్చి, నన్ను ఏజెన్సీ కొండల్లోకి బదిలీ చేస్తారట. మా ఆయన ఇక్కడి బళ్ళో మేష్టరు. నేనక్కడ, ఆయనిక్కడ! చస్తే కుదరదు.
రోడ్డు మీద నేర్చుకుంటే కంకిపాడు దాకా నవ్వుతారు. అందుకని కాలవలో! వేసవికి కట్టేశారుగా, అడుగంతా ఎండిన ఇసక. పడినా మెత్తన. నీళ్ళొదిలేది జూన్ రెండో వారం. బోలెడు టైము.

మే 4. సాయంత్రం 5.
మొదటి గురువు మా ఆయన జక్కయ్య గారే. సైకిలు ముట్టుకోనివ్వలేదు. గోడ మీద సుద్దముక్కతో బొమ్మేసి, బాణాలు పెట్టి, బరువంతా నిలిచే చోటు గరిమనాభి అని చెప్పారు.
"ముందు సూత్రం బుర్రకెక్కాలి తెరేసా. తర్వాత చక్రం అదే తిరుగుతుంది."
నాలుగు పేజీల నోట్సు. దస్తూరీ బాగా కుదిరింది.

మే 8.
గరిమనాభి గురించి నిద్రలో లేపి అడిగినా చెబుతాను. సైకిలెక్కి మూడు గజాలు పోయి పడ్డాను. ఇసక మెత్తన అన్నదెవరు? నేనే. మోచెయ్యి దోక్కుపోయింది.
మా ఆయన: "మూడో పేజీ సరిగ్గా చదవలేదు నువ్వు."

మే 12.
గురువుని మార్చేశాను. తమ్ముడు లాజరు బెజవాడ నుంచి దిగాడు. వాడు సైకిలు వెనకాలే పరిగెడుతూ చెబుతాడు.
"తొక్కక్కా! చూపు పైకి! ఎడమకి! ఎడమకి అంటే కుడికెందుకెళ్తావ్? బ్రేకు! అబ్బా, ఇప్పుడొద్దు!"
అన్నీ విన్నాను. ఒక్కటీ చెయ్యలేదు. ఈసారి మోకాలు.
గట్టు మీద కొండలమ్మత్త చుట్ట కాలుస్తూ కూచుంది. మా ఊరి మంత్రసాని. మంత్రసానులకి నేనిచ్చే ట్రెయినింగుకి రమ్మని నెల రోజులు బతిమాలితే వచ్చి, నా చార్టుల ముందు గుర్రుపెట్టి నిద్రపోయిన మనిషి. ఈ పాఠానికి మాత్రం రోజూ ఠంచనుగా హాజరు!

మే 19.
లాజరుకి గొంతు పోయింది. వెళ్ళిపోయాడు.

మే 26.
రోహిణి కార్తె. రోళ్ళే పగిలే ఎండలు, నేనెంత. ఇవాళ సెలవు.

మే 27. సెలవు.

జూన్ 1.
సైకిలుకి నూనె వేసి తుడిచాను. అదీ అభ్యాసం కిందే లెక్క.

జూన్ 5.
పక్కూరు కబురొచ్చింది. పురిటి నొప్పులు. మూడు మైళ్ళు, మిట్టమధ్యాహ్నం, నడక. నేను వెళ్ళేసరికి బిడ్డ పుట్టేశాడు. బొడ్డు కొడవలితో కోశారు! ఇంజక్షను చేసి వచ్చాను. తల్లీ బిడ్డా బాగానే ఉన్నారు. నాకే దారంతా ఏడుపు ఆగలేదు. ఇంట్లో తళతళా మెరిసే సైకిలుంది. సిగ్గులేని దాన్ని.

జూన్ 8. ఉదయం 6.
మళ్ళీ కాలవలోకి దిగాను. రెండుసార్లు పడ్డాను. కొండలమ్మత్త చుట్ట పారేసి, గట్టు దిగొచ్చింది.
"నువ్వు లెగు నర్సమ్మా. ఓపాలి సూత్తాను."
గోచీ బిగించి ఎక్కింది. తూము దాకా తొక్కి, తిరిగొచ్చి, నా ముందు దిగింది!
"ఎట్లా వచ్చిందత్తా?"
"రోజూ సూత్తానే ఉండాగదమ్మా. నువ్వెట్టెట్టా పడతన్నావో, అట్టా పడకుండా తొక్కాను."
ఆవిడకి చూస్తే వస్తుంది. మరి నా చార్టుల్లో బొమ్మలు కదలవాయె. ఆవిడ నిద్రపోయిందని తిట్టుకున్నాను, పాపం.
మా ఆయనకి రాస్తే వస్తుంది. లాజరుకి వింటే వస్తుంది. నాకెలా వస్తుందో మరి?

జూన్ 11.
నీళ్ళొదిలారు. నా బడి మునిగింది. బదిలీ ఖాయం. అన్నం సయించలేదు.

జూన్ 14.
పొద్దున్నే పక్కూరి నుంచి ఇంకో కబురు. కొండలమ్మత్త తొక్కింది, నేను సంచీతో వెనకాల కూచున్నాను. బిడ్డ కంటే ముందే చేరాం! బ్లేడు మరిగే నీళ్ళలో వెయ్యడం, బొడ్డు కోయడం అన్నీ ఆవిడ కళ్ళముందే చేశాను. ఆవిడ రెప్ప వెయ్యలేదు.
తిరుగుదారిలో అడిగింది: "నీకు పురుడు పొయ్యటం ఎవరు నేర్పారు?"
"ఆస్పత్రిలో పెద్ద సిస్టరు. నా చేతి మీద చెయ్యేసి చేయించేది. ఒక్క మాట మాట్లాడేది కాదు."
"మరి సైకిలుకి అందరూ నోరేసుకు పడతారేందమ్మా!"
నన్నెక్కించి పక్కనే నడిచింది. హాండిలు మీద నా చెయ్యి, దాని మీద ఆవిడ చెయ్యి. ఇద్దరం గప్‌చుప్. గట్టు మీద పది గజాలు వెళ్ళాను! పదకొండో గజంలో ఇద్దరం కాలవలో ఉన్నాం. మోకాలి లోతే.
సరిగ్గా అప్పుడే డాక్టరు గారి జీపు!
"ఏం సిస్టర్, వచ్చిందా?"
కొండలమ్మత్త కొంగు పిండుకుంటూ, "ఈత వచ్చేసిందండీ. తొక్కటమే తరవాయి" అంది.
ఆయన నవ్వి, "ముప్పయ్యో తారీఖు" అని గుర్తుచేసి వెళ్ళారు.

జూన్ 15. ఉదయం 5.30.
మొదటి రోజు. గురువు కొండలమ్మత్త. మాటలు బందు. నోట్సు బందు.
బదిలీకని సర్దిన ట్రంకుపెట్టె తెరిచి రెండు చీరలు బయటికి తీశాను. ఒకటి కట్టుకోడానికి, ఒకటి తడిశాక కట్టుకోడానికి.