నా ఒడిలో లేని ప్రాణి

ఆదివారం

రోజూ మొయినాబాద్ నుంచి వచ్చే బస్సులో లేని ప్రాణినొకదాన్ని ఒడిలో ఊహించుకుంటాను. పిల్లికంటే కొంచెం పెద్దది, బూడిదరంగు బొచ్చు, పొడుగు చెవులు. నాకు దిగులైతే అడగకుండానే దానికి తెలిసిపోతుంది. చెవులు వాల్చి నా మోచేతికి తల ఆనిస్తుంది. "ఏమైంది" అని అడిగేవాళ్లకు "ఏం లేదు" అని చెప్పీ చెప్పీ విసుగొచ్చింది.

ఈరోజు అమ్మతో చామంతి తోటకు పోయాను. మొగ్గ తెంపితే నా చేతి మీద కొట్టే మనిషి, ఈరోజు తనే మొగ్గలు కూడా తెంపి గంపలో వేస్తోంది.

"గవెందుకే అమ్మా, ఎవరు కొంటరు?"

"అవి పువ్వులయ్యేదాక చేను మనదుంటదా బిడ్డా? వచ్చే బుధవారమే రిజిస్ట్రేషనాయె. మీ బాపు సంతకం పెట్టుడే ఆలస్యం, కొన్నోళ్లు జేసీబీ తెస్తరు. నువ్వు జర జల్ది తెంపు."

నవ్వుతూనే అంది. తల మాత్రం ఎత్తలేదు.

ఆ ప్రాణే ఉంటే నన్ను వదిలి, సాళ్లు దాటుకుంటూ అమ్మ దగ్గరికే పోయేది. ఇన్నాళ్లూ అది నా ఒక్కదాని కోసమే అనుకున్నాను. అమ్మను "ఏమైంది" అని అడగడానికి కూడా నాకు నోరు రాలేదు. పక్క సాలులో వంగి నేనూ మొగ్గలు తెంపాను.