పాట అయ్యేదాకా ముల్లు ఎత్తకూడదు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,

నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేను క్షేమం. మీరు ముగ్గురూ క్షేమమని తలుస్తాను అని రాయాలి గానీ, కిందటి సెలవుల్లో మీ ఇంట్లో నేను చేసిన పని తర్వాత ఆ వాక్యం రాసే అర్హత నాకు లేదు. అల్లుడుగారి కనుబొమ్మ మీద మూడు కుట్లు మచ్చలైపోయి ఉంటాయి. నా మనవరాలు పిడుగు కింది పెదవి చిట్లినచోట ఏం మిగిలిందో నువ్వు రాయలేదు. నేనూ అడగను.

పది నెలలకు నీ ఉత్తరం వచ్చింది. "ఫోన్‌లో అయితే నువ్వూ అరుస్తావు, నేనూ అరుస్తాను, అందుకే రాస్తున్నాను నాన్నా" అన్నావు. మంచి పని చేశావు. నలభై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి, కాగితం మీద అరవడం ఎంత కష్టమో నాకు తెలుసు. అరిచినవాళ్ళందరి అరుపులూ నేనే కొట్టేశాను. అందులో ఒకాయన ఇప్పుడు శాలువాలు కప్పించుకుంటున్నాడు. ఆయన పుస్తకంలో నాలుగు మంచి వాక్యాలుంటే రెండు నావి. సరే, ఆయన సంగతి పక్కన పెడతాను. ఈ ఉత్తరంలో వేరే లెక్క తేల్చాలి.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. భుజం నొప్పి అలాగే ఉంది. స్పీకరు విసిరిన భుజమే, నొప్పి పుట్టడం న్యాయం. కళ్ళకు డాక్టరు ఇచ్చిన చుక్కలు వేసుకుంటున్నాను. వంట నేనే చేసుకుంటున్నాను. "కింద షాపు దర్జీతో మాటలున్నాయా?" అన్నావు. ఉన్నాయి. మొన్న ఆయన ఎదురింటి మంగలితో కొట్టుకున్నాడు. సెలవులు దగ్గరపడుతున్నాయి కదా, మంగలి షాపులో కొత్త పాటలు, ఈయన షాపులో పాత పాటలు, ఒకరి మీద ఒకరు గొంతు పెంచుకుంటూ పోయారు. పొద్దున పదకొండింటికి దర్జీ ఇనప గజంబద్దతో వీధి దాటాడు. మంగలికి ముందు పళ్ళు రెండు పోయాయి. దర్జీ చెంప మీద కత్తిగాటు. జనం చుట్టూ నిలబడి చూశారు. నేను కిటికీలోంచి చూశాను. చూస్తూ, నా కుడి చెయ్యి పిడికిలి బిగుసుకుని ఉండటం గమనించాను. దర్జీ తరఫునో, మంగలి తరఫునో కాదు. ఊరికే.

ఇక అసలు ప్రశ్న. "నీకు మీ నాన్న పోలిక వచ్చింది. ఆయన బాబాయి చెవి పగలగొట్టాడు, నువ్వు నా కూతురి మూతి పగలగొట్టావు. నీ తప్పు కాదులే, రక్తం అలాంటిది" అని రాశావు. కోపంలో కూడా నన్ను వెనకేసుకు వచ్చావు. ఆ వాక్యం పెట్టుకుని నాలుగు రోజులు కూర్చున్నాను. దాన్ని దిద్దకుండా వదిలేస్తే నేను ఇన్నాళ్ళూ చేసిన ఉద్యోగానికి అర్థం లేదు.

మా నాన్న గురించి నేను నీకు చెప్పినవి చాలావరకు నిజాలే. మిల్లు యంత్రాలకు తోలు పట్టీలు కుట్టేవాడు. కుట్టిన పట్టీ గట్టిదనం మా అన్నదమ్ముల వీపుల మీద చూసుకునేవాడు. తిట్టేముందు కొట్టేవాడు, కొట్టాక తిట్టేవాడు, ఆ తర్వాత అన్నం తినమనేవాడు. ఇవన్నీ నిజం.

మన ఇంటి సెలవుల ఆచారం మాత్రం ఆయనది కాదు, మా తాతది. సెలవుల మొదటిరోజు పొద్దున ఇంటిల్లిపాదీ ముందుగదిలో కూర్చోవాలి. పెద్దవాళ్ళ నుంచి చిన్నవాళ్ళ దాకా తలా ఒక పాట పెట్టాలి. ఎవరి పాట నచ్చినా నచ్చకపోయినా, అయ్యేదాకా అందరూ కళ్ళు మూసుకోవాలి. "కళ్ళు తెరిస్తే పాట వినరురా, ఎదుటివాడి మొహం వింటారు" అనేవాడు తాత. పాట మధ్యలో గ్రామఫోను ముల్లు ఎత్తకూడదు. అంతే. నీ ఇంట్లో గ్రామఫోను పోయి ఫోనుకు తగిలించే గుండ్రటి స్పీకరు వచ్చినా, ముల్లు ఎత్తకూడదు అనే మాట మీకు మిగిలింది. పిడుగు ఒకసారి "ముల్లంటే ఏంటి తాతయ్యా?" అని అడిగింది, గుర్తుందా?

మా రోజుల్లో గ్రామఫోను తిప్పే పని నాది. పెద్దకొడుకు పని అది. ఇనప హ్యాండిలు, మూరెడు ఉంటుంది. దాన్ని దూర్చి, బిగించి, తీసి ఒళ్ళో పెట్టుకునేవాణ్ణి. నాకు కుడిపక్క తమ్ముడు కూర్చునేవాడు.

వాడి గొంతు విని వీధంతా వాణ్ణి గంట అనేది. పెళ్ళిళ్ళలో పాడే ఒక బ్యాండులో చేరాడు. ఆ సంగతి తెలిసిన రోజు నాన్న వాణ్ణి వర్క్‌షాపు గుమ్మానికి కట్టి కొట్టాడు. కట్లు విప్పాక వాడు నేరుగా రిహార్సలుకు వెళ్ళాడు. మొండివాడు. నేను పుస్తకాలు చదువుకునేవాణ్ణి, వాడు పాడుకునేవాడు. నాకు ఇరవై ఆరు, వాడికి ఇరవై రెండు. ఆ ఏడాది సెలవులకు వాడు బ్యాండు వేసిన రికార్డు తెచ్చాడు. లేబులు మీద "గంట, బృందం" అని ఉంది. ఇంకే పేరూ లేదు. నేను చూశాను. అలాంటివి చూడటమే నా వృత్తి.

అమ్మ పాట అయింది, నాన్న పాట అయింది, నాది అయింది. వాడి వంతు వచ్చింది. "కళ్ళు మూసుకో అన్నయ్యా, నువ్వు మాత్రం గట్టిగా మూసుకో" అన్నాడు.

డప్పులూ బాకాలూ మొదలయ్యాయి. నాన్న "ఛీ, ఆపరా ఆ బొబ్బలు" అంటూ లేచిన చప్పుడు వినిపించింది. అప్పుడు మాటలు వచ్చాయి.

"తలుపు తీసే ఉంచాను, వానైనా రానీ..."

అమ్మాయీ, ఆ మాటలు నావి. నా నోటుపుస్తకంలోవి. ఎవరికీ చూపించనివి. ఎవరి కోసం రాశానో మీ అమ్మకు పెళ్ళయిన వారానికే తెలిసింది, తన కోసం కాదని కూడా తెలిసింది. నా గుండెల్లో ఉన్న ఒక్క మంచి ముక్కనూ వాడు దొంగిలించి, పెళ్ళి ఊరేగింపుల్లో తాగినవాళ్ళు గంతులేసే వరసలో పెట్టి, పైన తన పేరు వేసుకున్నాడు. అదీ నాకు అనిపించింది. కళ్ళు తెరిచాను. గదిలో కళ్ళు తెరిచి ఉన్నది నేనూ, ముల్లు ఎత్తడానికి వంగిన నాన్నా. గంటగాడు కళ్ళు మూసుకుని, నవ్వుతూ తల ఊపుతున్నాడు.

ఒళ్ళోని హ్యాండిలు తీసుకుని వాడి చెవి మీద కొట్టాను.

ఆ చప్పుడు నేను చదివిన ఏ యుద్ధాల చరిత్రలోనూ సరిగ్గా రాయలేదు. పచ్చి కర్ర విరిగినట్టుంటుంది. వాడు పక్కకు ఒరిగిపోయాడు. రెండోసారి చెయ్యి ఎత్తాను. ఒక్క దెబ్బతో ఆగిపోయానని చెప్పి మంచివాణ్ణి అనిపించుకోను. ఎత్తిన చెయ్యిని నాన్న పట్టుకున్నాడు. హ్యాండిలు లాక్కున్నాడు. అప్పుడు అమ్మ కళ్ళు తెరిచింది. ఆవిడకు కనిపించింది, చెవిలోంచి మెడ మీదికి రక్తం కారుతున్న చిన్నకొడుకు, ఇనప ముక్క చేతిలో పట్టుకుని వాడి మీద నిలబడ్డ మొగుడు.

"ఏం చేశావయ్యా!" అంది అమ్మ.

నాన్న నా వైపు చూశాడు. "నేనే కొట్టాను. ముందు గుడ్డ తీసుకురా" అన్నాడు.

అంతే. నేను నోరు విప్పలేదు. ఆ రోజూ విప్పలేదు, ఆ తర్వాతా విప్పలేదు. గంటకు ఎడమ చెవి పోయింది. శ్రుతి అందక బ్యాండు వదిలేశాడు. రేకులు కత్తిరించే ఫ్యాక్టరీలో చేరాడు, అక్కడ చెవితో పని లేదు. నాన్న పోయేదాకా పదకొండేళ్ళు వాడు ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. పాడె మొయ్యమంటే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ రోజు వాణ్ణి "కన్నతండ్రిరా, ఎంతకాలం పట్టుకు కూర్చుంటావు?" అని నలుగురిలో మందలించింది నేనే. చూశావా నా ధైర్యం! నీకు ఊహ తెలిశాక, "మీ తాత రాక్షసుడు" అని కథలు చెప్పిందీ నేనే. మా నాన్న చేసిన పాపాలకు సాయం, నాది కూడా ఆయన ఖాతాలో వేసి, ఆయన్ని తిడుతూ హాయిగా బతికాను.

పోయిన సెలవుల్లో ఏం జరిగిందో ఇప్పుడు నీకు అర్థమవుతుంది. పిడుగు నా ముందుకొచ్చి "ఇది నీ కోసమే తాతయ్యా, కళ్ళు మూసుకో" అంది. మీ బాబాయి పాత రికార్డు తీసుకుని అది సొంతంగా కట్టిన పాట. నేల అదిరే డప్పు. దాని మీద ముక్కలుముక్కలుగా తరిగిన గంటగాడి గొంతు. తలుపు, తలుపు, తలుపు తీసే. చచ్చి రెండేళ్ళయినవాడు మళ్ళీ నా మాటలతో గంతులేయించడానికి వచ్చాడనిపించింది. ఆ తర్వాతి సంగతి నీ కళ్ళ ముందే జరిగింది. స్పీకరు గోడకే విసిరాను, అల్లుడుగారు అడ్డం వచ్చారు. ఆయనంటే నాకు పెద్ద ఇష్టం లేదు, ఆయన వినే పాటలంటే అసలే లేదు, కానీ ఆయన నెత్తురు నేను కోరుకోలేదు. పిల్ల నా చెయ్యి పట్టుకుని "ఆగు తాతయ్యా, చివరిదాకా విను, చివర ఉంది!" అని ఏడ్చింది. ఆ నోటి మీద కొట్టాను. పదహారేళ్ళ పిల్లని, వెనకచేత్తో.

"చివర ఏముందో నేను రాయను. పిన్ని ఇంటికి వెళ్ళి పాట మొత్తం విను. విన్నాక కూడా సెలవులకు రావాలనిపిస్తే, ముందు పిల్లకి ఎందుకు కొట్టావో నిజం రాయి. అది ఆ రోజు నుంచి పాట ముట్టుకోలేదు" అన్నావు. పోయిన ఆదివారం వెళ్ళాను.

మీ పిన్ని, గంటగాడి భార్య, ఆ గ్రామఫోను దాచింది. రికార్డు పెట్టి, హ్యాండిలు నా చేతికిచ్చింది. "తిప్పండి బావగారూ. మీ పనేగా" అంది. అదే హ్యాండిలు. చేతిలో బరువు మారలేదు. తిప్పి, తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకుని నిలబడ్డాను.

"ఇలా ఇవ్వండి. మీ ఒళ్ళో ఉంటే నాకు భయం" అంది.

ఆమె మొహం చూశాను. "నీకెవరు చెప్పారు?" అన్నాను.

"ఆయనే. పెళ్ళయిన కొత్తలోనే. మామగారు గ్రామఫోను దగ్గర, ఎదురుగా ఉన్నారు. దెబ్బ ఎడమ చెవి మీద తగిలింది. ఎడమపక్కన మీరు కూర్చున్నారు. ఆమాత్రం లెక్క ఆయనకి తెలియదా బావగారూ?"

"మరి నాన్నతో మాట్లాడటం ఎందుకు మానేశాడు?"

"మీరు కొట్టినందుకు కాదు, మామగారు 'నేనే కొట్టాను' అన్నందుకు. 'నా చెవి కంటే అన్నయ్య పరువే ముఖ్యమైంది మా నాన్నకి' అనేవారు. మీరే వచ్చి చెప్తారని చూశారు. చాలా ఏళ్ళు చూశారు."

ఏటా సెలవులకు వాడు మన ఇంటికి వచ్చేవాడు, నీకు గుర్తుండే ఉంటుంది. తన వంతు వస్తే "నాది వదిలెయ్యండి" అనేవాడు. ఎప్పుడూ నాకు కుడిపక్కనే కూర్చునేవాడు. చెవిటి చెవి నా వైపు పెట్టి. అలవాటు కొద్దీ అనుకున్నాను, వెధవని.

పాట మొత్తం విన్నాను. మూడు నిమిషాల పైన కొంచెం. వరస బాగుంది అమ్మాయీ. యాభై ఆరేళ్ళు ఆలస్యంగా చెబుతున్నాను, బాగుంది. పాట అయ్యాక బాకాలు ఆగిపోయి గరగర మిగిలింది. మా తాత దగ్గర ఉన్న పాత రికార్డుల్లో పాడినవాళ్ళు చివర తమ పేరు చెప్పుకునేవాళ్ళు. గంటగాడు వాళ్ళని అనుకరించి మమ్మల్ని నవ్వించేవాడు. అదే గొంతుతో చెప్పాడు:

"పాడినది గంట. మాటలు మా అన్నయ్యవి. లేబులు మీద వేస్తే ముందే చూసేస్తాడని వెయ్యలేదు. అన్నయ్యా, ఇప్పుడు కళ్ళు తెరువు."

మీ పిన్ని ముల్లు ఎత్తింది. ఆవిడ మంచినీళ్ళు ఇవ్వలేదు, నేను అడగలేదు.

ఈ ఉత్తరం పిడుగు ముందు పైకి చదువు, ఒక్క ముక్క మింగకుండా. మీ తాత అలాంటివాడు, ఇలాంటివాడు అని నేను చెప్పినవాటిలో ఈ ఒక్కటి కొట్టెయ్యి. పిల్లతో చెప్పు, దాని పాటలో తప్పేమీ లేదు, తప్పు విన్నవాడిది, అదీ రెండోసారి.

సెలవుల మొదటిరోజు వస్తాను. రావద్దంటే ఒక కార్డు ముక్క రాయి చాలు, దర్జీ చదివి వినిపిస్తాడు, వీధంతటికీ తెలుస్తుంది, నాకు తగిన శాస్తి. వస్తే గనక, పెద్దవాడిగా మొదటి వంతు నాది కదా, అది పిడుగుకు ఇచ్చేస్తున్నాను. అదే పాట పెట్టమను. డప్పు ఇంకా గట్టిగా పెట్టమను. నేను నేల మీద, గోడవార, నా రెండు చేతుల మీద నేనే కూర్చుంటాను. అల్లుడుగారికి నమ్మకం లేకపోతే పక్కన కూర్చోమను.

పాట చివర వాడు చెప్పేదాకా కళ్ళు తెరవను.

ఇట్లు,
గంటకు అన్నయ్య,
నీకు నాన్న.