జిల్లా పేజీలో నాలుగు వాక్యాలు

జూన్ 11, గద్వాల

థీసిస్‌ల ఆధారాలు పేర్చే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్న ఇర్ఫాన్ పంపిన నమూనా జాబితా చూశాను. అందులో మొదటి రచయిత పేరు అయిజ. తర్వాత ఇటిక్యాల. తర్వాత గద్వాల... జిల్లా వార్తకు రాసినవాడి పేరు ఉండదు, ముందు ఊరి పేరు ఉంటుంది. ఇతని సాఫ్ట్‌వేర్ ఆ ఊరినే రచయిత అనుకుంది.

ఫోన్ చేస్తే నవ్వుతున్నాడు. "ఈ అయిజ ఎవరన్నా, మస్తు రాసిండు?"

నవ్వి ఊరుకునే పని కాదు. థీసిస్ రాసేవాళ్లు తాము చదివినవన్నీ ఇతని సాఫ్ట్‌వేర్ 'ఆకరం'లో వేసుకుంటారు. ఫుట్‌నోట్లు, చివరి జాబితా యూనివర్సిటీ అడిగిన పద్ధతిలో అదే పేర్చి ఇస్తుంది. ఒకసారి అచ్చయ్యాక ఎవరూ వెనక్కి వెళ్లి చూడరు.

జిల్లా పేజీల వార్తలకు విడిగా ఒక రకం నమోదు పెట్టమన్నాను. ఏ గడులు ఉండాలో రాసి పంపాను — పత్రిక, ఎడిషన్, తేదీ, పేజీ, శీర్షిక, వార్త వచ్చిన ఊరు. రచయిత గడి ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు. తేదీ, పేజీ లేకపోతే మాత్రం ఎర్ర గుర్తు పడాలి. జాబితాలోకి ఎక్కకూడదు.

జూన్ 14, వనపర్తి

బస్టాండు వెనక ఇర్ఫాన్ గది. ఆకరం వాడి చూస్తున్నవాళ్లలో ఒకమ్మాయి వచ్చింది — స్వరూప, లింగాల. వలసపోయిన కూలీల మరణాల మీద పీహెచ్‌డీ. ఆమె జాబితా అంతా ఎక్కింది. ఒక్కటి ఎర్రగా నిలబడిపోయింది.

ప్లాస్టిక్ కవర్లోంచి తీసి చూపింది. పత్రిక ముక్క. 'మట్టిపెళ్లలు విరిగిపడి లింగాల కూలీ మృతి'. కింద నాలుగు వాక్యాలు. పక్క రాష్ట్రంలో కాలువ పని. పేరు బాలస్వామి.

"మా నాయిన సార్."

తేదీ లేదు. పేజీ లేదు. పత్రిక పేరూ లేదు.

ఎందుకు లేదో నాకు తెలుసు. మండల విలేకరి తన వార్తను గీత వెంబడి కత్తిరిస్తాడు. ఎన్ని సెంటీమీటర్లు అచ్చయితే అంత డబ్బు, నెలాఖరుకు ఆఫీసుకు చూపాలి. పక్క వార్త అంచు తగిలినా ఒప్పుకోరు. తేదీ వేసేది అంటించిన తెల్లకాగితం మీద. ఇంటివాళ్లు వచ్చి అడిగితే కాగితం నుంచి ఊడదీసి ముక్క వాళ్లకిస్తాడు, తేదీ కాగితం మీదే ఉండిపోతుంది. పాత ఉమ్మడి జిల్లా అంతటా అదే పద్ధతి. కొత్తగా వచ్చినవాళ్లకు నేనూ అదే నేర్పాను.

ఇంకోటి కూడా తెలుసు. ఆ వాక్యాలు నావి. అప్పుడు నాగర్‌కర్నూల్ ఆఫీసులో విలేకరిని. దుర్మరణం అని రాయను, చనిపోయాడు అంటాను. చివరి వాక్యంలో ఇంట్లో ఎవరున్నారో చెబుతాను. ఇక్కడా ఉంది — 'ఆయనకు భార్య, ఒక కూతురు ఉన్నారు.'

ఆ మాట చెప్పాను. ఆ కూతురు కుర్చీలోంచి లేచి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

జూన్ 15

స్వరూప గైడ్ మాట ఇది: ఆధారం చూపకపోతే అధ్యాయంలోంచి బాలస్వామి పేరు తీసెయ్యాలి. కేసు లేదు. పోస్టుమార్టం లేదు. పనిచేయించిన కంపెనీ దగ్గర పేరు లేదు. ఆ మనిషి పనిలో చనిపోయాడని అచ్చులో ఉన్నది ఈ ముక్క ఒక్కటే. నెలాఖరుకు థీసిస్ ఇవ్వాలి.

జూన్ 16

ఇర్ఫాన్ ఫోన్. "ఆ ఎర్ర గుర్తు ఒక్క లైన్ అన్నా. తీసేస్త, అయిపోతది."

వద్దన్నాను. అది తీస్తే రేపు ఎవరైనా ఏదైనా ఎక్కిస్తారు. ఇప్పటికీ అదే అంటాను.



జూన్ 18, నాగర్‌కర్నూల్

గ్రంథాలయం. పాత పత్రికలు కట్టలు కట్టి ఉన్నాయి. మెయిన్ పేపర్ మాత్రమే. జిల్లా పేజీలు చిన్న సైజులో విడిగా వచ్చేవి కాబట్టి వాటిని బైండు చేయించలేదు. తూకానికి పోయాయి. "ఎవరు అడుగుతరు సార్ వాటిని," అన్నాడు అటెండరు. తప్పు పట్టలేను. నేనూ ఎప్పుడూ వెళ్లి అడగలేదు.

మా పాత ఆఫీసు ఉన్న చోట ఇప్పుడు కళ్లజోళ్ల షాపు. హైదరాబాద్‌లో పాత మిత్రుడికి ఫోన్ చేశాను. అక్కడా మెయినే దాచారట. నెట్‌లో పేజీలు పెట్టడం మొదలైంది ఆ తర్వాత.

రాసినవాణ్ని నేను. అచ్చయిందని నాకు తెలుసు. చూపించలేను.

జూన్ 20

ముక్క వెనక వైపు ఇర్ఫాన్ స్కాన్ చేసి పెద్దది చేశాడు. చీరల దుకాణం ప్రకటనలో సగం. శ్రావణ మాసం అన్న మాట కనిపిస్తోంది. ఏ సంవత్సరమో లేదు. తనప్పుడు మూడో తరగతో నాలుగో అని స్వరూప అంటోంది.

ఇర్ఫాన్ తేదీ పక్కన 'సుమారు' అని ఒక గడి చేర్చాడు. మా తెర మీద బాగానే కనబడింది. యూనివర్సిటీ శైలిలోకి మార్చగానే మాయమైంది. ఆ శైలిలో దానికి చోటు లేదు.

సాయంత్రం స్వరూప ఫోన్ చేసింది. "మీరే రాసిన్రు గద సార్. శ్రావణంల ఏదో ఒక తారీఖు ఏసుకుందాం. ఎవలు అడుగుతరు?"

కాదనలేకపోయాను. సరే అననూ లేదు.  ఆమే ఫోన్ పెట్టేసింది.

జూన్ 23

గైడ్ కొంచెం దిగివచ్చాడట. ముక్కను పక్కన పెట్టి, వార్త రాసిన విలేకరితో ముఖాముఖి రికార్డు చేస్తే దాన్ని ఆధారంగా చూపొచ్చన్నాడు. ఆకరంలో ముఖాముఖికి విడిగా ఒక రకం ఉంది — మాట్లాడినవారి పేరు, ఊరు, తేదీ. అన్నీ నింపగలం. ఎర్ర గుర్తు పడదు.

ఇర్ఫాన్‌కు సంతోషం. "నువ్వే సోర్స్ అయితున్నవన్నా."

ఇన్నేళ్లలో ఎప్పుడూ కాలేదు.

జూన్ 25, లింగాల

రికార్డింగు వాళ్లింట్లోనే అనుకున్నాం. స్వరూప తల్లి చెన్నమ్మ మిర్చి చేనుకు పనికి పోలేదు, నా కోసం ఉండిపోయింది. ఈ తేదీల గొడవ ఆమెకు వింతగా ఉంది. "అచ్చయింది గద సారు. ఇంక సాక్షం ఏంది?"

స్వరూప పాల ప్యాకెట్ కోసం దుకాణానికి వెళ్లింది. ఆమె గడప దాటాక చెన్నమ్మ గొంతు తగ్గించింది.

"మన్ను పడ్డదని మేస్త్రి జెప్పిండు. ఆఖరి నీళ్లు పోసింది నేను. తలల ఇసుమంత మన్ను లేకుండె సారు. అరచేతులు రెండు నల్లగ కాలి ఉండె."

కూలికి తీసుకుపోయిన మేస్త్రే తెల్లారక ముందు డీసీఎం వ్యాన్‌లో శవాన్ని తెచ్చి దింపి పోయాడట. పొద్దెక్కేలోపు పూడ్చేశారు.

బిడ్డకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"పేపర్ల గట్ల రాసినంక నేనేం జెప్త?"

స్వరూప పాలతో వచ్చింది. చెన్నమ్మ పొయ్యి వైపు తిరిగింది. టీ తాగాను. ఫోన్ బల్ల మీద పెట్టి మొదలుపెడదామా అంది స్వరూప. బస్సు వేళయిందన్నాను. అబద్ధం. బస్సుకు ఇంకా చాలా టైం ఉంది, స్టాపులో నిలబడ్డాను.

జూన్ 26, గద్వాల

గుర్తు చేసుకుంటున్నాను. లింగాల విలేకరి వెంకటయ్య ఫోన్‌లో చెప్పాడు, నేను రాసుకున్నాను. అతనికి ఎవరు చెప్పారు? మేస్త్రే అయ్యుండాలి. అడగడానికి వెంకటయ్య ఇప్పుడు బతికి లేడు. ఆ రోజు నేను అడిగానా? అడిగినట్టు జ్ఞాపకం లేదు. అడగలేదనీ చెప్పలేను.

'మట్టిపెళ్లలు విరిగిపడ్డాయి' అని రాశాను. 'విరిగిపడ్డాయని చెబుతున్నారు' అని రాయలేదు.

చెన్నమ్మ చెప్పిందీ రుజువు కాదు. ఒక మనిషి చూసి చెప్పిన మాట. కానీ ఆమె చూసింది. మేం ఎవరం చూడలేదు.

వార్తను విలేకరికి ఎవరు చెప్పారో నింపడానికి ఏ శైలిలోనైనా గడి ఉందా అని ఇర్ఫాన్‌ను అడిగాను. వెతికి మళ్లీ ఫోన్ చేశాడు. "ఎక్కడ లేదన్నా. రాసినోని పేరు అడుగుతయి. చెప్పినోని పేరు ఏదీ అడగది. ఎందుకు, ఏమన్నా లఫ్డానా?"

ఏం లేదన్నాను.

జూన్ 27

జవాబులు కాగితం మీద పెట్టి చూశాను. వార్త నేను రాశాను — నిజం. బాలస్వామి పనికి పోయి చనిపోయాడు — నిజం. మట్టి విరిగిపడి...

స్వరూప అధ్యాయంలో మరణాలను కారణాల వారీగా విడదీసింది. మట్టి పనులు. ఎత్తు నుంచి పడటం. కరెంటు. వాళ్ల నాన్న మొదటి దాంట్లో ఉన్నాడు. కాలిన అరచేతులు చూపేది మూడోదాన్ని. నేను అవునంటే అక్కడే ఉంటాడు. రేపు ఇంకొకరు ఆమె థీసిస్ చూసి రాస్తారు, వాళ్లను చూసి మరొకరు. కిందకు తవ్వుకుంటూ వస్తే అడుగున ఉండేది మేస్త్రి మాట.

కాదంటే గైడ్‌కు అక్కర్లేని ఆధారం అవుతాను. బాలస్వామి పేరు పోతుంది.

పైగా అది చెన్నమ్మ చెప్పాల్సిన మాట. ఆమెను అడగకుండా నేనెట్లా చెప్పను? ఆమెకు ఫోన్ లేదు. ఆ ఇంట్లో ఉన్న ఫోన్ స్వరూపది.

మధ్యాహ్నం లింగాల వెళ్దామని బయల్దేరి ఎర్రవల్లి చౌరస్తా దాకా పోయాను. చెన్నమ్మను విడిగా ఎక్కడ కలుస్తాను? పొద్దంతా చేన్లో అందరి మధ్య ఉంటుంది. సాయంత్రం కూతురు పక్కన. వెనక్కి వచ్చాను.

జూన్ 28

స్వరూపే గద్వాలకు వస్తానంది. వద్దనడానికి కారణం దొరకలేదు.

పొద్దున మెసేజ్: బస్సెక్కిన సార్. అమ్మ మీకు మిర్చి పంపింది.

కాసేపటికి ఇంకోటి, అడగబోయే ప్రశ్నలు. పద్ధతిగా రాసుకుంది. మొదటిది నా పేరు, ఊరు. రెండోది ఎప్పటి నుంచి విలేకరిని. మూడోది — మా నాయిన ఎట్ల చనిపోయిండో మీకు ఎట్ల తెలిసింది?

ఇప్పుడే మళ్లీ మోగింది. పెబ్బేరు దాటిందట.

పేరు, ఊరు చెప్పగలను. ఎప్పటి నుంచి విలేకరినో కూడా చెప్పగలను.