"కదలకు" అన్న గొంతు

మంగళవారం, రాత్రి

పాత మిస్టరీ వీడియోలు పోగేసే మా ఆన్‌లైన్ గ్రూపు ఏళ్లుగా వెతుకుతున్న వీడియోను ఈ రోజు ఎవరో అప్‌లోడ్ చేశారు. పాత రోజుల్లో చిక్కడపల్లి కేబుల్లో ఒక్కసారే వచ్చిందంటారు. మసక బొమ్మలో ఒకావిడ రెప్ప వెయ్యకుండా మనవైపే చూస్తుంటుంది. పక్కనుంచి ఓ బొంగురు గొంతు "కదలకు" అంటుంది. ఆమెను బంధించి చంపేశారని కథలు. నేనూ నమ్మాను. మధ్యాహ్నమంతా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విని, విన్న ప్రతిసారీ జడుసుకున్నాను.

సాయంత్రం నారాయణగూడ మార్కెట్ నుంచి వచ్చిన అమ్మ, నా భుజం మీంచి ఫోన్‌లోకి తొంగి చూసింది.

"అది నేనే గదరా! మీ చిన్నత్త పెండ్లిల తీసిర్రు. గప్పుడు కేబులాయన అందరి పెండ్లి క్యాసెట్లు తీస్కపోయి టీవీల ఏస్తుండె."

"మరి అట్ల బొమ్మలెక్క నిలబడ్డవేందమ్మా?"

"వీడియో అని నాకేం ఎరుక? ఫోటో అనుకున్న. కదిలితే ఖరాబైతదని మీ బాపు ఒక్కటే చెప్పుడు."

ఇయర్‌ఫోన్లు పీకేసి సౌండ్ పెంచాను. "కదలకు."

"గదే. మీ బాపే," అంది అమ్మ.

బాపు పోయేనాటికి నాకు రెండేళ్లు. ఇంట్లో ఆయన ఫోటోలున్నాయి గానీ గొంతు లేదు. ఆ గొంతును గ్రూపులో హంతకుడిదంటారు. నేనూ అలాగే అన్నాను. ఇప్పుడు వాళ్లకేమని చెప్పను...

"జర మళ్ల పెట్టు," అంది అమ్మ, చేతిలో కూరగాయల సంచి కూడా దించకుండా.

పెట్టాను. అయిపోయేదాకా అమ్మ కదల్లేదు.